దారి పాడవకుండా

మార్చి 2

అక్కకు, తమ్ముడు బతిమాలుకుని రాయునది.

ఫోను చేద్దామంటే మీ గుట్టలకు సిగ్నలు రాదు. వచ్చినా నువ్వు ఏదో ఒక ఆవు పక్కన ఉంటావు. పైగా కాగితం మీదైతే నా మాటకు నువ్వు అడ్డం రాలేవు, అందుకే ఉత్తరం.

సైకిలు దారుల పుస్తకం మే నెలాఖరుకు అచ్చుకు వెళ్ళాలి. మొత్తం పన్నెండు దారులు, అన్నీ కంకర దారులే. లావు టైర్ల సైకిలు వేసుకుని, పొలాల మధ్య గుట్టలెక్కి దిగుతూ రోజంతా తొక్కుకుపోయే పిచ్చివాళ్ళ కోసం. పదకొండు తయారయ్యాయి. ఏడో నంబరు మాత్రం నీవల్లే ఆగింది. అదే, పాలకేంద్రం నుంచి మీ ఇంటి మీదుగా పోయే దారి. పోయిన ఏడాది అక్కడ తొక్కినప్పుడు రాసుకున్న లెక్కలు వానలో తడిసి చెరిగిపోయాయి. మలుపులు ఎక్కడెక్కడో రాసి పంపమంటే నువ్వేం పంపావు? "తన్నే ఆవు ఉన్న కొట్టం దాటాక కుడికి. అక్కడినుంచి, కవల దూడలు పుట్టిన ఇల్లు కనబడేదాకా తిన్నగా." అక్కా, నా పుస్తకం కొనేవాళ్ళు పశువుల డాక్టర్లు కారు. ఏ ఆవు తంతుందో తన్నించుకుంటేగానీ వాళ్ళకు తెలియదు. వ్యాను మీటరు చూసి కిలోమీటర్లు రాయి.

పాలకేంద్రం దాటగానే తారు అయిపోయి కంకర మొదలవుతుంది చూడు, అక్కడినుంచి మీ గేటు దాకా నాలుగు కిలోమీటర్లు, ఒకదాని వెనక ఒకటి మూడు గుట్టలు. నా పుస్తకానికి ప్రాణం ఆ నాలుగు కిలోమీటర్లే. ఎక్కేటప్పుడు వెనక చక్రం రాళ్ళలో జారుతుంది, టైర్లలో కాస్త గాలి తగ్గిస్తే పట్టు దొరుకుతుంది. దిగేటప్పుడు బ్రేకు ముట్టుకోబుద్ధి కాదు. అట్ట మీద వేసే ఫొటో కూడా దానిదే.

బావకు నడుం పట్టేసిందన్నావు, తగ్గిందా? మూడు నెలలు పట్టేసి ఉండటమేమిటి? కదలకుండా కూర్చుంటే అలాగే ఉంటుంది. మా సైకిలు వాళ్ళు చేసే కసరత్తుల కాగితం ఒకటి జత చేశాను. రోజూ ఇరవైసార్లు ముందుకు వంగి కాలి వేళ్ళు ముట్టుకోమను.

కిలోమీటర్ల కోసం కాచుకుని కూర్చున్న
తమ్ముడు


మార్చి 11

తమ్ముడికి, అక్క విసుక్కుని రాయునది.

కిలోమీటర్లు కావాలి కదా, రాసుకో. పాలకేంద్రం నుంచి మొదటి గేటు ఒకటీ పాయింటు రెండు. అక్కడినుంచి రేకుల కొట్టం ఎనిమిది వందల మీటర్లు. కొట్టం నుంచి మా ఇల్లు సరిగ్గా రెండు. తన్నే ఆవును అమ్మేశారు, కాబట్టి నీ పిచ్చివాళ్ళు నిర్భయంగా రావచ్చు.

నీకు ఆ దారి ఫొటోలా కనబడుతోంది. దానిమీద రోజుకు నాలుగుసార్లు తిరిగే నాకు అది వేరేలా కనబడుతుంది. మొన్న ఒకాయన కొట్టంలో ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగిందని కబురొచ్చింది. వెళ్తుంటే రెండో గుట్ట మీద వ్యాను గుంటలో దిగబడింది. మందు సీసాలు మూడు పగిలాయి. సీటంతా మందు కంపు. నేను చేరేసరికి రైతూ, వాళ్ళావిడా కలిసి దూడను లాగేశారు. "డాక్టరమ్మా, కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళండి" అన్నారు. తల కొట్టేసినట్టయింది.

ఇక రోడ్ల ఆఫీసు సంగతి. ఇద్దరు మనుషులు వచ్చారు. టేపుతో కొలిచారు, మేకులు పాతి ఎర్రగుడ్డ ముక్కలు కట్టారు. ఏప్రిల్లో తారు వేస్తామని చెప్పి పోయారు. పదకొండేళ్ళుగా వీళ్ళతో ఇదే వరస. ఆ దారిని చూస్తే నా కడుపు తరుక్కుపోతోందిరా. కళ్ళముందే పాడైపోతోంది. నువ్వు ఆఫీసులకు రాయడంలో చెయ్యి తిరిగినవాడివి. గట్టిగా ఒక అర్జీ రాసి పంపు, సంతకాలు నేను పెట్టిస్తాను. వారానికి రెండుసార్లు మీ బావను పట్నం తీసుకెళ్ళాలి, ఆ దారిలోనే. నా ఓపిక అయిపోయింది.

కసరత్తుల కాగితం ఆయనకు చూపించలేదు. దయచేసి ఇలాంటివి పంపకు.

ఇంకో ఆవు పిలుస్తోంది, ఉంటాను.
అక్క


మార్చి 18

అక్కకు, తమ్ముడు నోరు వెళ్ళబెట్టి రాయునది.

నీలో ఇంత ప్రేమ ఉందని నాకు తెలియదు! ఆ దారి పాడైపోతుంటే కడుపు తరుక్కుపోతోందని నువ్వు రాసిన ముక్క మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. మా ఎడిటరు ఎప్పుడూ దేనికీ తలెత్తి చూడడు, ఆయన కూడా కళ్ళజోడు తీశాడు. చిన్నప్పుడు నా సైకిలు పెడలు విరగ్గొట్టి నేను కాదని బుకాయించిన అక్కేనా ఇలా రాసింది అనిపించింది.

నువ్వేం బెంగ పెట్టుకోకు. రోడ్ల ఆఫీసు వాళ్ళను దారికి ఎలా తేవాలో నాకు తెలుసు. అర్జీ జత చేశాను. పైన పెద్ద అక్షరాలతో "మా గుట్టల దారి పాడవకుండా వెంటనే కాపాడండి" అని పెట్టాను. కింద వాళ్ళ భాషలోనే వాళ్ళకు అర్థమయ్యేలా బిగించాను. బయటివాళ్ళం మేం అరిస్తే ఎవడూ వినడు. అక్కడ ఉండేవాళ్ళు, రోజూ ఆ దారిన నడిచేవాళ్ళు అడిగితే తిరుగుండదు. ఎంతమంది సంతకాలు పెడితే అంత మంచిది. ఆలస్యం చెయ్యకు, ఏప్రిల్ ఎంతో దూరం లేదు.

బావ పట్నంలో వారానికి రెండుసార్లు ఏం పని పెట్టుకున్నాడు? ఇళ్ళకు కప్పులు వేసే పని కొత్తగా ఏదైనా దొరికిందా? నడుం సరిగా లేనప్పుడు నిచ్చెనలు ఎక్కొద్దని చెప్పు.

నిన్ను చూసి గర్వపడుతున్న
తమ్ముడు


మార్చి 30

తమ్ముడికి, అక్క చాలా రోజుల తరవాత నవ్వుకుని రాయునది.

నలభై మూడు సంతకాలు! ఆ దారి మీద ఉన్న ఇళ్ళన్నీ వచ్చేశాయి, ఒక్కటీ మిగల్లేదు. సూదులు వేయడానికి వెళ్ళిన చోటల్లా కాగితం తీశాను. వ్యాను ముందు మూత మీద పెట్టి రాశారు, ఆవు వీపు మీద పెట్టి రాశారు. పొడుగాయన ఉన్నాడే, ఎవరితోనూ మాట్లాడడు, రెండు గుట్టల అవతల ఒక్కడే ఉంటాడు. ఆయన పైలైను వేలు పెట్టి చదివి, "ఇన్నాళ్ళకు ఒక మంచిమాట రాశారు" అని సంతకం పెట్టాడు. పాలకేంద్రం ఆవిడైతే తన సంతకం కింద రెండు గీతలు గీసింది, గట్టిదనం కోసమట.

అర్జీ నేనే స్వయంగా రోడ్ల ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాను. అక్కడి గుమాస్తా చదివి నా మొహం ఒకసారి చూశాడు, కాగితం ఒకసారి చూశాడు. "అందరూ ఇదే అంటున్నారా?" అన్నాడు. "ఒక్క గొంతుతో" అన్నాను. "మీ ఇష్టం" అన్నాడు. మా ఇష్టం కాక ఇంకెవరి ఇష్టమని దులిపేసి వచ్చాను.

మీ బావకు ఈ సంగతి చెప్పాను. ఏప్రిల్ దాకా ఓర్చుకోండి, తరవాత దారి అద్దంలా ఉంటుందని. తల ఊపారు. ఆయనకు కప్పు పనేమీ లేదు. పట్నంలో వేరే పని, తీరిగ్గా చెబుతాను.

నీకు ఒక్కసారైనా బుద్ధిగా పని చేయడం వచ్చిందని సంతోషిస్తూ,
అక్క


ఏప్రిల్ 12

అక్కకు, తమ్ముడు గంతులేసి రాయునది.

గెలిచాం! రోడ్ల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, అర్జీ రాసింది నేనే కాబట్టి నాకే పంపారు. "స్థానికులందరి కోరిక మేరకు సదరు దారిపై తారు పనులు నిలిపివేయడమైనది" అని ముద్ర కొట్టి మరీ ఇచ్చారు. రోలరును, తారు బండిని వేరే చోటికి పంపేశారట. ఇక ఆ నాలుగు కిలోమీటర్ల జోలికి ఎవడూ రాడు. కంకర కంకరలాగే ఉంటుంది.

పుస్తకం మొదటి పేజీలో మీ నలభై మూడు మందికీ కృతజ్ఞతలు అచ్చు వేస్తున్నాను. మే మొదటి ఆదివారం ఎనభై మంది సైకిళ్ళ మీద అక్కడికి వస్తున్నాం. మీ గేటు దగ్గర ఆగి నీకొక దండ వేద్దామని మావాళ్ళ పట్టుదల. వద్దంటే వినేలా లేరు.

దారి అద్దంలా ఉంటుందని బావకు చెప్పానని రాశావు. ఆ ముక్క నాకు అర్థం కాలేదు. వానకు కడిగినట్టు మెరుస్తుందనా?

నీ విజయంలో సగం వాటా ఉన్న
తమ్ముడు


ఏప్రిల్ 16

ఒరేయ్,

రాయునది లేదు, ఆశీర్వాదం లేదు. నువ్వు దగ్గర లేవు కాబట్టి బతికిపోయావు.

నీ అర్జీ నకలు తీసి ఇప్పుడు పూర్తిగా చదివాను. "సదరు కంకర దారి యొక్క ప్రస్తుత స్వరూపమునకు భంగము కలిగించు తారు పనులను తక్షణమే నిలుపుదల చేయవలసినదిగా." అదట రెండో లైను. నేను పైలైను చదివాను. "పాడవకుండా కాపాడండి." చదివినప్పుడు ఒక చేతిలో కాగితం ఉంది, రెండో చెయ్యి మోచేతి దాకా ఆవు లోపల ఉంది. రెండో లైను ఎవరు చదువుతారురా? పొడుగాయన చదవలేదు, పాలకేంద్రం ఆవిడ చదవలేదు. డాక్టరమ్మ తెచ్చింది కదా అని కళ్ళు మూసుకుని పెట్టారు. గుమాస్తా అడగనే అడిగాడు, వాణ్ణి నేను దులిపి వచ్చాను. పదకొండేళ్ళు ఆ ఆఫీసు చెవినిల్లు కట్టుకుని పోరి తెప్పించుకున్న రోలరును, నా చేతులారా నేనే వెనక్కి పంపాను.

గుంటలు పడితే దారి పాడైందంటారు. తారు వేస్తే బాగైందంటారు. నీ తలకాయలో ఇది తలకిందులుగా ఎప్పుడు దూరింది?

ఇప్పుడు ఇంకో సంగతి విను. మీ బావకు నడుం పట్టేయలేదు, విరిగింది. డిసెంబరులో కొట్టం కప్పు మీదనుంచి పడ్డారు. రెండు ఇనుప కడ్డీలు వేసి బిగించారు. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నారు. కప్పులు వేసేవాడు కప్పుమీదనుంచి పడ్డాడంటే ఇంకెవరు పిలుస్తారని ఆయన భయం. నీకు చెబితే నీ ఆఫీసంతా చదివి వినిపిస్తావని నా భయం. వారానికి రెండుసార్లు పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, ఎడమ కాలికి వైద్యం. మానితే ఆ కాలు ఇక లేవదని డాక్టరు చెప్పాడు. వ్యాను వెనకాల పరుపు వేసి పడుకోబెడతాను. ఆ నాలుగు కిలోమీటర్లకు నలభై నిమిషాలు, మనిషి నడిచినంత మెల్లగా. ప్రతి రాయికీ వెనకనుంచి మూలుగు వినబడుతుంది. తువ్వాలు నోట్లో కుక్కుకుంటారు, నాకు వినబడకూడదని. అయినా వినబడుతుంది.

ఏప్రిల్, ఏప్రిల్ అని చెప్పి ఇన్నాళ్ళూ తీసుకెళ్ళాను. నీ ఉత్తరం వచ్చినప్పుడు పక్కనే ఉన్నారు. నువ్వేదో మంచి కబురు రాశావనుకుని పైకే చదవడం మొదలుపెట్టాను. సగంలో ఆపాను కానీ వినకూడనిదంతా ఆయన వినేశారు. గోడవైపు తిరిగి పడుకున్నారు. "ఇక నన్ను ఆ దారి ఎక్కించకు" అన్నారు. నిన్న ఆస్పత్రికి వెళ్ళాల్సింది, వెళ్ళలేదు.

దండలు తెస్తే నీ ఎనభై సైకిళ్ళ టైర్లకూ సూదులు వేస్తాను. పశువుల సూదులు, లావువి.

అక్క


ఏప్రిల్ 20

అక్కకు, తమ్ముడు తల దించుకుని రాయునది.

ఏం రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. విరిగిన నడుంతో ఉన్న మనిషికి వంగి కాలి వేళ్ళు ముట్టుకోమని కాగితం పంపాను కదా. అది గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతున్నాను.

కానీ నాకూ కోపంగానే ఉంది. ఒట్టు వేస్తే మాత్రం, సొంత తమ్ముడికి "పట్టేసింది" అని రాస్తావా? "విరిగింది" అని ఒక్క మాట రాసి ఉంటే నేను ఆ అర్జీ ముట్టుకునేవాడినా? చదవకుండా సంతకాలు పెట్టించింది నువ్వు. తెలుసుకోకుండా రాసింది నేను. ఎవరు ఎక్కువ తెలివితక్కువవాళ్ళో తరవాత తేల్చుకుందాం.

రోడ్ల ఆఫీసుకు వెళ్ళాను. అర్జీ వెనక్కి తీసుకోవాలంటే నలభై మూడు మందీ మళ్ళీ సంతకాలు పెట్టాలట, ఒక్కరు తగ్గినా కుదరదట. నెలాఖరులోపు ఇస్తే జూన్ పనుల్లో కలుపుతారు, దాటితే వచ్చే ఏడాదే. అదే గుమాస్తా. "మీ ఇంట్లో ఎవరూ చదవరా?" అన్నాడు.

ఎల్లుండి బయల్దేరుతున్నాను. నువ్వు ఆవుల పని చూసుకో, సంతకాలు నేను తిరిగి పెట్టిస్తాను. ఎనభై మందికీ రావద్దని చెప్పేశాను.

తిట్లకు సిద్ధపడి వస్తున్న
తమ్ముడు


మే 8

అక్కకు, తమ్ముడు ఇల్లు చేరి రాయునది.

కాగితం నెలాఖరుకు ఒకరోజు ముందే ఇచ్చి, ముద్ర వేయించాను. జూన్ పనుల్లో కలిపారు. ఈసారి గుమాస్తా ప్రతి లైనూ నాచేత పైకి చదివించాడు.

నువ్వు అక్కడే ఉన్నావు కాబట్టి మిగతావి నీకు తెలుసు. తెలియనివి రెండున్నాయి. ఒకటి, ఆ పొడుగాయన. అందరిలోకీ ఆయనొక్కడే పెట్టనన్నాడు. "మొదటిది పూర్తిగా చదవకుండా పెట్టాను, ఇది చదివి పెడతాను" అని కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతికాడు. గంటన్నర గుమ్మంలో నిలబెట్టాడు. చివరకు సంతకం పెట్టి, "మీ బావ మా కొట్టం మీదనుంచే పడ్డాడు. కబురు బయటికి పొక్కకూడదని నేను ఎవరితోనూ మాట్లాడటం లేదు" అన్నాడు. ఆయన మాట్లాడకపోవడానికి కారణం అదట.

రెండోది, వ్యాను వెనకాల జరిగింది. "నువ్వు కూడా పక్కన పడుకుంటేనే వస్తాను" అని బావ షరతు పెట్టాడు కదా, నువ్వు ముందు కూర్చుని నవ్వావు. మొదటి గుట్టకే నా నవ్వు పోయింది. పరుపు మీద పడుకుంటే ఒక్కో రాయి వెన్నులో విడిగా తెలుస్తుంది. ఏళ్ళ తరబడి దారుల గురించి రాసినవాణ్ణి, ఆ దారిలో నాకు ఒక్క రాయి కూడా తెలియదని అప్పుడర్థమైంది. బావ తువ్వాలు తీసుకోలేదు, నా చెయ్యి పట్టుకున్నాడు. ఇప్పటికీ రెండు వేళ్ళు సరిగా ముడుచుకోవడం లేదు. రేకుల కొట్టం దాటాక, "ఈ దారి గురించి పుస్తకంలో ఏం రాశావు, చదువు" అన్నాడు. కంఠతా వచ్చు నాకు. "దిగేటప్పుడు బ్రేకు ముట్టుకోబుద్ధి కాదు" దాకా చెప్పాను. "బాగా రాశావు" అన్నాడు. వెటకారం కాదక్కా, నిజంగానే అన్నాడు.

పుస్తకంలో ఏడో దారి తీసేశాను. మిగతా దారుల పటాల మీద నంబర్లు వేయడం అయిపోయింది, ఇక మార్చడానికి వీల్లేదు. అందుకని ఆరు తరవాత ఎనిమిది వస్తుంది. ఎడిటరు మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. అట్ట మీద ఎనిమిదో దారి ఫొటో వేశాం, అదేమంత బాగాలేదు.

నేను వచ్చేశాక కూడా బావ ఆస్పత్రికి వెళ్తున్నాడా లేదా, ఒక్క ముక్క రాయి.

తమ్ముడు


జూన్ 24

తమ్ముడికి, అక్క ఏ మాట వాడాలో తేలక రాయునది.

వెళ్తున్నారు, నువ్వు వెళ్ళాక ఒక్కసారి కూడా మానలేదు. ఏప్రిల్లో మానినందువల్ల ఎంత నష్టం జరిగిందో డాక్టరు ఇంకా చెప్పడం లేదు. ఎడమ కాలి బొటనవేలు మాత్రం కదిలింది. నేను నమ్మలేదని రోజుకు పదిసార్లు కదిపి చూపించి నా ప్రాణం తీస్తున్నారు.

తారు వేశారు. వేసినంతసేపూ నా తల ప్రాణం తోకకొచ్చింది. తారు డ్రమ్ములు సరిగ్గా మా గేటుకు అడ్డంగా పెట్టారు. ఆరు ఆవులు తడి తారులో నడిచి వచ్చాయి. వాటి గిట్టలు నూనెతో తుడిచేసరికి రెండు రోజులు పట్టింది. రోలరు తోలేవాడు నన్ను చూసి, "ఈసారి వద్దంటారా, వేయమంటారా?" అని అందరిముందూ అడిగాడు. ఇక జీవితాంతం ఈ ఊళ్ళ వాళ్ళ నోళ్ళలో నేనే. నీ పుస్తకం వచ్చింది. పాలకేంద్రం ఆవిడ తిరగేసి, ఏడు ఎక్కడ పోయిందని నన్ను నిలదీసింది. నువ్వే వచ్చి చెప్పుకో.

మొన్న గురువారం మొదటిసారి ఆ తారు మీద ఆయన్ను తీసుకెళ్ళాను. అలవాటు కొద్దీ మెల్లగానే తోలాను. మొదటి గుట్ట దాటాను, వెనకనుంచి చప్పుడు లేదు. రెండోది దాటాను, లేదు. పిలిచాను, పలకలేదు. పాలకేంద్రం ముందు బండి ఆపి, పరుగెత్తి వెనక తలుపు తీశాను.

నిద్రపోతున్నారు. నోరు తెరుచుకుని, చేతులు రెండు పక్కలకీ వదిలేసి, గురకపెట్టి మరీ. డిసెంబరు నుంచి ఆయన అలా పడుకోగా నేను చూడలేదు.

లేపబుద్ధి కాలేదు. తలుపు మెల్లగా వేసి, ముందు సీట్లో కూర్చుని ఏడ్చాను. ముప్పావుగంట అలాగే ఆపేశాను. ఆస్పత్రికి ఆలస్యంగా వచ్చామని నర్సు అందరిముందూ నన్ను తిట్టింది. తిట్టనీ.

అక్క